ఎర్రసిరా సారూ, పొట్టలో దాతగారూ

మా బావగారు పొద్దున్న ఐదున్నరకి బాత్రూములోకి వెళ్ళేవారు. ఆరుంబావుకి ఒకసారి దగ్గేవారు. ఇంకా బతికే ఉన్నానని ఇంట్లోవాళ్ళకి తెలియజేయడం అది. ఏడింటికి బయటికొచ్చేవారు. ముఖాన వెళ్ళినప్పుడున్న దిగులే ఉండేది గానీ, పేపరంతా చదివేసిన జ్ఞానం అదనంగా చేరేది. టెండరు నోటీసులూ, తప్పిపోయిన కుక్కల ప్రకటనలూ కూడా వదిలేవారు కాదు. ఇరవై రెండేళ్ళు ఇదే వరస. ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూము కాబట్టి మా అక్కకున్న ఓర్పంతా ఆ తలుపు ముందే అరిగిపోయింది.

నేను ప్లంబర్ని. ఊళ్ళో ఎవరి పైపు మూసుకుపోయినా తెరిపించేవాణ్ణి కాబట్టి, బావగారి విషయంలో ఉచిత సలహాలిచ్చే హక్కు నాకుందని నా నమ్మకం. భోజనాల దగ్గర నలుగురూ ఉన్నప్పుడు చూసి, స్ప్రింగు తీగ తెమ్మంటారా బావా అని అడిగేవాణ్ణి. అందరూ నవ్వేవారు. బావగారు నవ్వేవారు కాదు. ఆయన నవ్వకపోవడం మాకు ఇంకా నవ్వు తెప్పించేది. చివరికి ఆ ఇంట్లో రెండో బాత్రూము నేనే కట్టిపెట్టాను. ఆ రోజు కుటుంబమంతా నన్ను చెర విడిపించినవాడిలా చూసింది.

ఆయన ఉద్యోగం డ్రైవింగ్ పరీక్షలు పెట్టడం. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో అట్ట పట్టుకుని కూర్చుని, వాళ్ళు చేసే తప్పులు ఒక్కొక్కటే రాసుకోవడం. రాసేది ఎర్రసిరాతో. అందుకని ఊరంతా ఆయన్ని ఎర్రసిరా సార్ అనేవారు. అద్దం చూడకపోతే ఒక గీత. చూసినా తల తిప్పకుండా కళ్ళతోనే చూస్తే అర గీత. పరీక్షకి వచ్చినవాళ్ళు ఆఫీసు గేటు దగ్గర టీ కొట్టతణ్ణి, ఇవాళ సార్‌కి పొద్దున్న సాఫీగా అయిందా అని అడిగి గాని లోపలికి వెళ్ళేవారు కాదు. ఆ టీ కొట్టతనికి ఆ సమాచారం ఎవరిచ్చేవారని మీకు అనుమానం రావచ్చు. నేనే.

తర్వాత కొన్నేళ్ళకి ఆయన మెత్తబడ్డారని ఊళ్ళో ఒక పుకారు లేచింది. ఒకరోజు పరీక్ష కారులో క్లచ్ మాడిపోతోంది. రోడ్డు పక్కన నడిచేవాళ్ళు కూడా ముక్కులు మూసుకున్నారట. బావగారు మాత్రం తోటలో కూర్చున్నంత ప్రశాంతంగా కూర్చుని ఆ కుర్రాణ్ణి పాస్ చేసేశారు. ఆఫీసులో ఆ సాయంత్రం మిఠాయిలు పంచుకున్నారు. వయసు మీద పడుతోంది, మనసు మెత్తబడుతోంది అని ఆయన పైఅధికారి అన్నాడట. ఇంట్లో స్టవ్ మీద పాలు పొంగి మాడి బొగ్గయిపోతుంటే పక్క గదిలో ఆయన పేపరు చదువుకుంటూ కూర్చున్నారని మా అక్క తగువు పెట్టుకుంది. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు. కోపం అక్కడే ఉండి, ముక్కే పనిచేయడం మానేసిందని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

ఆ తర్వాత చేతిరాత చిన్నదవడం మొదలైంది. వాక్యం మొదట్లో అక్షరాలు మామూలుగానే ఉండేవి. సగానికి వచ్చేసరికి ఆవగింజలు, చివరికి వచ్చేసరికి చీమలు. ఫలితం రాసేది కాగితం చివర కాబట్టి పాసో ఫెయిలో ఎవరికీ తెలిసేది కాదు. ఒక పెద్దమనిషి భూతద్దం తెచ్చుకుని చదివించుకున్నాడు. ఇంకొకడు తనకి పనికొచ్చినట్టు చదువుకుని లైసెన్సు కౌంటర్లో తెగ వాదించాడు. పైఅధికారి ఒక మెమో ఇచ్చాడు: అక్షరాలు పెద్దవిగా రాయవలెను. ప్రభుత్వానికి చేతనైన వైద్యం అది. బావగారు దానికి జవాబు రాశారు. ఆ జవాబు చదవడానికి మళ్ళీ భూతద్దం కావలసి వచ్చింది.

కుడి చెయ్యి ఊపకుండా నడుస్తుంటే హుందాతనం వచ్చిందన్నాం. కాలు ఈడుస్తుంటే చెప్పులు మార్చమన్నాం. ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ ఏదో గింజ నలుపుతున్నట్టు కదులుతుంటే, పెన్ను అట్టకి తగిలి టకటకమంటుంటే, పరీక్షకి వచ్చినవాళ్ళు అది సార్ అసహనం అనుకుని హడలిపోయి నిజంగానే ఫెయిలయ్యేవారు. ఇలా ఒక్కోదానికీ ఒక్కో చక్కటి కారణం వెతికిపెట్టి, మూడేళ్ళు గడిపేశాం. తెలివైన కుటుంబం మాది.

నాలుగో ఏడు మా అక్కే పట్టుబట్టి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కారు నేను నడిపాను. దారిలో బావగారు నా తప్పులు రాసుకున్నారు. డాక్టరు ఒక చిన్న మనిషి, నలభై దాటినావిడ, మాట తొందరగా మాట్లాడదు. ఆయన చేత వేళ్ళు తట్టించింది, వరండాలో నడిపించింది, వెనక నిలబడి భుజాలు పట్టి లాగి చూసింది. కాగితం మీద ఒక వాక్యం రాయించుకుని దాన్ని చాలాసేపు చూసింది. అంతా అయ్యాక పార్కిన్సన్స్ అని చెప్పింది. మెదడులో కదలికలు నడిపించే రసాయనం ఒకటి తగ్గిపోతుందనీ, మాత్రలున్నాయనీ, చాలా ఏళ్ళు బాగానే గడపవచ్చనీ నెమ్మదిగా వివరించింది. అప్పటిదాకా ఎవరమూ అనుకోని ప్రశ్న అప్పుడు అడిగింది.

"మలబద్ధకం ఉందా సార్? ఎన్నాళ్ళనుంచి?"

బావగారు గోడ వంక చూశారు. జవాబు అక్క చెప్పింది. "ఇరవై రెండేళ్ళండీ."

డాక్టరు రాసుకుంది. వాసన తెలియకపోవడం ఎప్పటినుంచో అడిగింది. అదీ రాసుకుంది. చాలామందిలో చెయ్యి వణకడానికి ఎన్నో ఏళ్ళ ముందే పొట్ట మందగిస్తుందట. కొందరిలో ఈ జబ్బు అసలు పేగుల్లోనే మొదలై, పొట్టనీ మెదడునీ కలిపే పెద్ద నరం వెంట పైకి పాకుతుందేమోనని శాస్త్రజ్ఞుల అనుమానమట. అనుమానమే, రుజువు కాలేదు. అందరిలో అలాగే జరుగుతుందనీ లేదు. మలబద్ధకం ఉన్నవాళ్ళందరికీ ఇది రాదు, భయపడి ఇంటిల్లిపాదినీ నా దగ్గరికి తేకండి అని కూడా అంది. నేను నా బూట్ల లేసులు చూసుకుంటూ కూర్చున్నాను. భోజనాల దగ్గర ఇరవై రెండేళ్ళు నేను పండించిన హాస్యమంతా ఆవిడ బల్ల మీద రోగ లక్షణమై పడి ఉంది.

బయటికొచ్చాక లిఫ్టు దగ్గర బావగారు నాతో ఒకే మాట అన్నారు. "విన్నావా? బద్ధకం కాదట."

ఇలాంటి సమయంలో బుద్ధున్నవాడు నోరు మూసుకుంటాడు. నేను మర్నాటికల్లా పొట్ట మీద నిపుణుణ్ణి అయిపోయాను. పెద్దగా కష్టపడలేదు, ఫోను పట్టుకుని మూడు గంటలు కూర్చుంటే సరిపోయింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయనా, వేసుకోని ఒకాయనా, వ్యాయామం చేస్తూనే మాట్లాడే ఒకావిడా నాకు మొత్తం చెప్పేశారు. పేగుల్లో మంచి క్రిములూ చెడ్డ క్రిములూ ఉంటాయి, యుద్ధం అక్కడ జరుగుతోంది, డాక్టర్లేమో మెదడు దగ్గర కాపలా కాస్తున్నారు. నాకు ఇది వెంటనే నచ్చింది. ఎందుకంటే పైపులకి సంబంధించిన విషయం.

బావగారు మాత్రలకి అలవాటుపడ్డ రెండో నెలలో ఒక సంచీ నిండా సామాను తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. ఒక డబ్బా మీద ఐదువేల కోట్ల బతికున్న మంచి క్రిములు అని రాసి ఉంది. ఎవరు లెక్కపెట్టారో రాయలేదు. పులియబెట్టిన కూరగాయల సీసాలు నాలుగు, ఏదో గింజల పొడి ఒకటి, నేలలోంచి తవ్వితీసిన దుంపల్లాంటివి కొన్ని. వంటగది గట్టు మీద పేర్చి బావగారికి ఉపన్యాసం ఇచ్చాను. గోడకి చెమ్మ వస్తుంటే లోపల పైపు బాగుచేయకుండా పైన సున్నం కొట్టుకుంటూ పోతే లాభం ఏమిటి, మీ మాత్రలు సున్నం, అన్నాను. ఆ పోలిక నాకే ముచ్చటేసి రెండుసార్లు చెప్పాను. బావగారు జీవితమంతా నియమాలు నమ్మిన మనిషి. ఒక పనివాడు తన పనిముట్ల భాషలో అంత ధీమాగా చెప్పేసరికి నమ్మేశారు. మరుసటి రోజునుంచి మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి. అక్కకి చెప్పలేదు.

మూడు రోజులు ఏమీ కాలేదు. నేను గెలిచాననుకున్నాను. ఐదో రోజుకి కుర్చీలోంచి లేవడానికి రెండు ప్రయత్నాలు కావలసి వచ్చాయి. చెడ్డ క్రిములు తిరగబడుతున్నాయి, మంచి సూచన అని చెప్పాను. ఎనిమిదో రోజు గొంతు బాగా సన్నగిల్లింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆఫీసునుంచి ఇంటికి వస్తూ బజారు దగ్గర రోడ్డు దాటుతుంటే, సరిగ్గా నడిమధ్యలో ఆయన పాదాలు నేలకి అతుక్కుపోయాయి.

ఆ సంగతి తర్వాత నలుగురు చెప్పగా విన్నాను. నడుము పైన మనిషి ముందుకి వెళ్ళాలనుకుంటున్నాడు, కింద కాళ్ళు వినడం లేదు. సిగ్నలు మారింది. ఒక బస్సు హారన్ కొట్టింది. దాని వెనక ఉన్నవాళ్ళు కూడా, ఏం జరుగుతోందో తెలియకపోయినా, పౌరులుగా తమ బాధ్యత అనుకుని కొట్టారు. ఎవరో తాగి ఉన్నాడన్నారు. జీవితంలో ట్రాఫిక్ నియమం ఒక్కటి కూడా తప్పని మనిషి నాలుగు దారుల ట్రాఫిక్ ఆపేసి విగ్రహంలా నిలబడిపోయారు.

అందరికంటే ముందు ఆగిన కారు డ్రైవింగ్ స్కూలుది. నడుపుతున్నది బజారులో బట్టలు కుట్టే ఒకావిడ. బావగారు ఆవిణ్ణి అప్పటికి మూడుసార్లు ఫెయిల్ చేశారు. మూడోసారి ఆవిడ బయటికొచ్చి గేటు దగ్గర ఆయన గురించి అన్న మాటలు నేను ఇక్కడ రాయను, కొన్ని నాకు కొత్తవి కూడా. ఆవిడ కారు దిగి దగ్గరికి వచ్చింది.

"సార్, పక్కకి రండి."

"కాళ్ళు రావడం లేదమ్మా," అన్నారు బావగారు. ఇంట్లో ఎవరితోనూ అనని మాట అది. ఆ వెంటనే కారు వంక చూసి, "హ్యాండ్‌బ్రేక్ వేశావా?" అని అడిగారు.

"వేశాను సార్. నాలుగు లైట్లూ వేశాను."

ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని లాగింది, లాభం లేకపోయింది. పట్టు మార్చుకోవడానికి ముందుకి జరిగినప్పుడు ఆవిడ పాదం ఆయన పాదాలకి అడ్డంగా పడింది. అడ్డం వచ్చిన దాన్ని దాటాలని ఆయన కాలు దానంతట అదే లేచింది. ఆవిడకి సంగతి అర్థమైంది. ఒక్కో అడుక్కీ తన కాలు అడ్డం పెడుతూ, ఆయన దాన్ని దాటుతూ, ఇద్దరూ అలా ఫుట్‌పాత్ దాకా వచ్చారు. మామూలుగా కాళ్ళకి అడ్డం పడడం శత్రువులు చేసే పని. ఆ రోజు మా బావగారిని ఇంటికి చేర్చింది అదే.

నరాల డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. మాత్రలు ఎవరు ఆపమన్నారని ఆవిడ అడిగింది. బావగారు వెంటనే, సన్నటి గొంతుతో, తనే ఆపానని చెప్పారు. వేరే ఎవరి ప్రమేయమూ లేదన్నారు. తన చేతిలో పడ్డ ప్రతివాడి తప్పూ ఎర్రసిరాతో రాసిన మనిషి నా ఈ తప్పు మాత్రం రాసుకోలేదు. ఆవిడ నమ్మి ఊరుకుని ఉంటే నేనూ ఊరుకుని ఉండేవాణ్ణేమో, నిజం చెప్పాలంటే. కాని మా అక్క నా వంక చూస్తోంది. ఆ చూపు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నేనే ఆపించానని ఒప్పుకున్నాను.

"మీరేం చేస్తుంటారు?" అని అడిగింది డాక్టరు.

"ప్లంబర్నండీ."

"మీ పైపులు బిగించడానికి నేనెప్పుడైనా వచ్చానా?"

లేదన్నాను. ఆ తర్వాత ఆవిడ చెప్పినదంతా ఎంత సాదాగా ఉందంటే, ఫోనులో చెబితే ఎవరూ చూడరు. ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి కూడా రావచ్చు. పొట్ట బాగుచేసుకోవలసిందే, అయితే మాత్రలు మానేసి కాదు, మాత్రలు పనిచేయడానికి. పొట్ట మందంగా ఉంటే మాత్ర లోపలే ఆగిపోయి ఆలస్యంగా ఎక్కుతుంది. నీళ్ళు తాగాలి, పీచున్నవి తినాలి, రోజూ నడవాలి, విరేచనం సాఫీగా కావడానికి తనిచ్చే పొడి వేసుకోవాలి, మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. కాళ్ళు అతుక్కుపోతే నేల మీద ఏదైనా గీతనో అడ్డునో చూసి దాటమంది. అది మాకు బజారులో ముందే నేర్పారని బావగారు చెప్పారు.

బట్టలు కుట్టే ఆవిడ నాలుగోసారి పరీక్షకి వచ్చినప్పుడు తను పక్షపాతం చూపించే ప్రమాదముందని బావగారు వేరే అధికారికి అప్పగించారు. ఆవిడ వెనక్కి తీస్తూ కారుని స్తంభానికి ఆనించి మళ్ళీ ఫెయిలయింది. మా అక్క స్వయంగా వెళ్ళి ఆవిడ దగ్గర రెండు జాకెట్లు కుట్టించుకుని వచ్చింది.

ఆ సంవత్సరం చివర్లో డాక్టరు ఒక విషయం చెప్పింది. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఒక అధ్యయనం జరుగుతోంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలంలోంచి క్రిములు వేరుచేసి, శుభ్రపరిచి, సన్నటి గొట్టం ద్వారా రోగుల పేగుల్లోకి పంపుతారు. సగంమందికి దాతలది ఇస్తారు, సగంమందికి వాళ్ళదే వాళ్ళకి తిరిగి ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో ఏడాదిదాకా రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టర్లకీ తెలియదు. గుణం ఉంటుందో లేదో తెలియదు, తెలుసుకోవడానికే ఇదంతా అని చెప్పింది. మాత్రలు మాత్రం యథాతథంగా వేసుకోవాలని నా వంక చూసి చెప్పింది.

మా అక్క రెండు రోజులు భోజనం సరిగ్గా చేయలేదు. ఇన్నేళ్ళూ బయటికి రాక చచ్చాం, ఇప్పుడు పక్కవాళ్ళది లోపలికి కూడానా, అంది. బావగారు మాత్రం అంగీకార పత్రం ఇంటికి తెచ్చుకుని పదకొండు పేజీలూ ఎర్రపెన్నుతో చదివారు. ఏడో పేజీలో ఒక తేదీ తప్పు పడిందని పట్టుకున్నారు. ఇంత జాగ్రత్తగా చదివిన రోగి ఇంతవరకూ లేడని పరిశోధన నర్సు మెచ్చుకుంది. ఆ మెప్పుతోనే సంతకం చేసేశారని నా అనుమానం.

దాతలు కావాలన్నారు. చేసిన పాపం కడుక్కోవడానికి ఇంతకంటే అవకాశం రాదని నేను ముందుకి దూకాను. నా పొట్ట గురించి నాకు గర్వం ఉండేది. రాళ్ళు తిన్నా అరుగుతాయి, నన్ను చూసి గడియారం సరిచేసుకోవచ్చు, ఇవన్నీ నర్సుకి చెప్పాను. ఆవిడ ఆరు పేజీల ప్రశ్నలడిగింది. రక్తం తీసుకుంది, ఒక డబ్బా ఇచ్చి మరొకటి కూడా తీసుకుంది. రెండు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. నేను దాతగా పనికిరానట. పంటి నొప్పికని డాక్టరు చెప్పకుండానే యాంటీబయాటిక్స్ మింగడం ఒక కారణం, నా పేగుల్లో అద్దె లేకుండా కాపురముంటున్న ఒక పరాన్నజీవి ఇంకో కారణం. దానికి మందు కూడా రాసిచ్చారు.

ఆ ఉత్తరం బావగారు చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివారు. చాలా నెలల తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూశాను.

"ఫెయిలన్నమాట," అన్నారు. "మళ్ళీ ఎన్నాళ్ళకి రమ్మన్నారు?"

బావగారికి ఆ గొట్టం పని ఒక మంగళవారం పొద్దున్న జరిగింది. మధ్యాహ్నానికి ఇంటికి పంపేశారు. మొదటి నెల ఏమీ తెలియలేదు. రెండో నెలలో బాత్రూము పని ఇరవై నిమిషాలకి దిగింది. మా అక్క మొదటిరోజు లోపల పడిపోయారేమోనని తలుపు బాదింది. మూడో నెలకి నడక తేలికపడింది, గొంతు కాస్త విచ్చుకుంది. పరీక్షించే డాక్టరు మార్కులు వేస్తే ఇదివరకటికంటే మెరుగ్గా వచ్చాయి. మార్కులు పెరగడం బావగారికి అన్నిటికంటే నచ్చింది.

ఇదంతా బావగారి ఘనతగా ఒక్కరు కూడా చూడలేదు. వచ్చిన ప్రతి మేలూ దాతగారి ఖాతాలోకి వెళ్ళింది. దాతగారు అనే మాట మొదలుపెట్టింది మా అక్కే. ఆ పుణ్యాత్ముడు ఎవరో గాని ఎంత క్రమశిక్షణ గల మనిషో అనేది. ఆయనకి పాతికేళ్ళుంటాయనీ, పొద్దున్నే పరుగెడతాడనీ, చెడు అలవాట్లు లేవనీ తేల్చింది. ఎప్పుడూ పాడని బావగారు ఒక ఉదయం షేవింగ్ చేసుకుంటూ కూనిరాగం తీస్తే, దాతగారు సంగీతం వచ్చినవాడని తెలిసిపోయింది. బావగారు కారం ఎక్కువ వేసుకోబోతే, మీకు పడుతుందేమో గాని పాపం ఆయనకి పడొద్దా అని గిన్నె పక్కకి లాగేసేది. ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా ఆయన గురించే చెప్పేది. చుట్టాలు గౌరవంగా బావగారి పొట్ట వంక చూసేవారు. దాతగారు నాకంటే బాగా తెలిసినవాడైపోయాడు ఆ ఇంట్లో. నా తిరస్కరణ ఉత్తరం సంగతి మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

ఏడాది గడిచాక ముగ్గుర్నీ పిలిచారు. చిన్న గది, బల్ల, మూడు కుర్చీలు, కిటికీ పక్కన బరువు చూసే యంత్రం. నరాల డాక్టరు కవరు విప్పి చదివి, బావగారికి అందించింది. ఆయన చదివారు. అక్క ఆత్రంగా చూస్తోంది. దాతగారి పేరు చెప్పరని తెలుసు గాని, వయసైనా చెబుతారని ఆశ.

"నాదే నాకిచ్చారట," అన్నారు బావగారు.

అక్కకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, మరి పాటలు పాడింది ఎవరని అడిగింది. డాక్టరుకి ఆ పాటల సంగతి తెలియదు కాబట్టి తనకి తోచిన జవాబిచ్చింది. ఈ అధ్యయనంలో రెండు గుంపులవాళ్ళూ కొంత మెరుగయ్యారట. ఆశ, శ్రద్ధ, వేళకి మాత్రలు, పొడి, నీళ్ళు, నడక, నెలనెలా ఒకరు ఓపిగ్గా చూడడం, వీటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం తేలిక కాదంది. ఇలా సరిచూసుకోకపోతే మెరుగైనదంతా దాతలదే అనుకుని ఊరేగేవాళ్ళమంది. మా అక్క తల దించుకుంది. పొట్టకీ ఈ జబ్బుకీ సంబంధం లేదని దీనర్థమా అని నేనడిగాను. కాదంది. ఉందని కూడా ఇది చెప్పదంది. ఇంకా పెద్ద అధ్యయనాలు కావాలట. ఏళ్ళు పడుతుందట. ఫోనులో నాకు మూడు గంటల్లో తేలిపోయిన విషయం అది.

తిరిగి వస్తుంటే కారు నేను నడిపాను. అక్క వెనక సీట్లో కిటికీలోంచి బయటికి చూస్తోంది. దగ్గరి చుట్టం పోయినప్పుడు కూడా ఆమె అంత ముభావంగా కూర్చోగా చూడలేదు నేను. కాసేపటికి చెయ్యి ముందుకి చాచి బావగారి భుజం మీద వేసింది, అలాగే ఉంచింది.

అధ్యయనం వాళ్ళ నియమం ఒకటుంది. సొంతది అందుకున్నవాళ్ళు కోరితే ఇప్పుడు దాతలది ఇస్తారు. వారంలోగా చెప్పమన్నారు. అక్క చేయించుకోమంది. నాకు అభిప్రాయాలు ఉండడం మీద అప్పటికే నిషేధం ఉంది. బావగారు వారమంతా ఆలోచించారు. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, రోజుకి నాలుగుసార్లు మాత్రలు తప్పవు, ఆ మధ్య మోతాదు కొద్దిగా పెంచారు కూడా. ఆఫీసులో బయటి పరీక్షల పని మానిపించి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి రోడ్డు నియమాల పాఠం చెప్పే పని ఇచ్చారు. గదిలో నలభైమందికి వినపడేలా గట్టిగా మాట్లాడితే గొంతుకి మంచి వ్యాయామమని డాక్టరు సంతోషించింది. ఆ నలభైమందీ సంతోషించారో లేదో తెలియదు.

ఏడో రోజు ఆయన ఆసుపత్రికి ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. అక్క కారణం అడిగింది. నేను గుమ్మం దగ్గర కొళాయి వాషర్ మారుస్తూ వింటున్నాను.

"ఏడాదిపాటు పొద్దున్నే లేచి నడిచింది నేను," అన్నారు. "ఆ చప్పిడి తిండి తిన్నది నేను. పాడింది కూడా నేనే. ఆయన వచ్చాడంటే మళ్ళీ నన్ను ఎవరు పట్టించుకుంటారు?"

బావగారు గోడ గడియారం చూసుకుని, మాత్ర వేసుకుని, బూట్లు తొడుక్కోవడానికి కూర్చున్నారు. లేసులు కట్టుకోవడానికి ఆయనకి ఐదు నిమిషాలు పడుతుంది. సాయం చేస్తే కోప్పడతారు. అక్క పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, ఆయన కట్టడం అయ్యేదాకా ఆగి, ఆ పాట ఏమిటని అడిగింది. అది పాట కాదు, కారు వెనక్కి తీసేటప్పుడు చూసుకోవలసిన వాటి జాబితా, మరిచిపోకుండా రాగం కట్టుకున్నాను, అని చెప్పి బావగారు నడకకి బయల్దేరారు.